ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారు: కొన్నవి, కొనకుండానే దొరికినవి

ఆదివారం నాడు ఆబిడ్స్‌లో బట్టల దుకాణాలూ చెప్పుల దుకాణాలూ చాలావరకు షట్టర్లు దించుకుని ఉంటాయి. మిగతా ఆరు రోజులూ జనం నడిచే కాలిబాట మీద, ఆ షట్టర్లకు ఎదురుగా, ఉదయం తొమ్మిదిన్నర పది గంటల మధ్య గోనె సంచులు విప్పుకుంటాయి. హైదరాబాదు పాఠకులకు ఈ బజారును కొత్తగా పరిచయం చేయవలసిన అవసరం లేదు. జనరల్ పోస్టాఫీసు, నెహ్రూ విగ్రహం ఉన్న కూడలి చుట్టుపక్కల దశాబ్దాలుగా ప్రతి ఆదివారం ఇది జరుగుతూనే ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్ల ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ దుకాణం లేకుండా పోయినా పేరు నిలిచింది. పాత వస్తువుల బజారుకు ఇంతకంటే తగిన చోటు దొరకదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నేను ఈ బజారుకు పదేళ్లకు పైగా వెళ్తున్నాను. ధరలూ రకాలూ బేరాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక వాటిని క్లుప్తంగా ముగించి, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతిని ఈ సమీక్షలో ముఖ్యంగా చెప్పదలచుకున్నాను. ఇక్కడ మనం డబ్బు ఇచ్చేది పుస్తకానికి. అయితే పాత యజమాని ఆ పుస్తకంలో మరిచిపోయినవి, రాసుకున్నవి, దాచుకున్నవి కూడా దానితోపాటే మన ఇంటికి వస్తాయి, వాటికి ఎవరూ వెల కట్టరు. ఒకసారి ఒక పుస్తకం మధ్య నుంచి ఏదో మడత కాగితం జారిపడితే, అది మీదే కాబోలునని దుకాణదారుకు అందించబోయాను. ఆయన చేత్తో వారించి, “పుస్తకానికే పైసలు సార్, లోపలున్నయి మీ నసీబు” అన్నాడు. ఈ బజారు వ్యాపార నియమం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ముందుగా కొనుగోలు సంగతి. సరుకు రెండు విధాలుగా ఉంటుంది. శుభ్రంగా వరుసలో నిలబెట్టిన పుస్తకాలకు దుకాణదారు ఒక్కొక్కదానికి ధర చెబుతాడు, బేరం ఆడవచ్చు. నేల మీద గుట్టగా పోసిన వాటికి మాత్రం ఒకటే ధర: ఏది తీసుకున్నా ఇరవై, ఏది తీసుకున్నా యాభై. గుట్టలో బేరం లేదు, అడిగితే నవ్వుతారు. వరుసలో ఉన్న పుస్తకం విలువ అమ్మేవాడికి తెలుసు కనుక అక్కడ ఆశ్చర్యపడవలసిన అవకాశం తక్కువ. ఈ వ్యాసంలో నేను చెప్పబోయే వస్తువుల్లో ఒక్కటి తప్ప అన్నీ గుట్టలో దొరికినవే. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, కొత్తగా మెరుస్తూ, చౌకగా దొరికే ఇంగ్లీషు నవలల జోలికి పోవద్దని మాత్రం హెచ్చరిస్తాను. వాటిలో ఎక్కువ భాగం దొంగ ముద్రణలు. అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, మధ్యలో పేజీలు తలకిందులుగా ఉంటాయి, వాటిలో ఎవరి జ్ఞాపకమూ ఉండదు.

పోటీ పరీక్షల గైడ్లు, ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలు, ఇంగ్లీషు నవలలు ఈ బజారులో సింహభాగం. తెలుగు పుస్తకాలు నేను మొదట వెళ్లిన రోజులతో పోలిస్తే బాగా తగ్గాయి. తెలుగు కోసమే వచ్చినవారు తెలుగు వరుస దగ్గరే నిలబడితే నిరాశతో వెళ్తారు. ఇంటర్మీడియట్ గైడ్ల గుట్టలో, అకౌంట్స్ పుస్తకాల అడుగున తెలుగు పుస్తకం దొరుకుతుంది. అందుకు కారణం సరుకు వచ్చే దారిలో ఉంది. నగరంలో ఏదో ఒక ఇల్లు ఖాళీ చేస్తారు. పెద్దవాళ్లు పోయి ఉంటారు, లేదా పిల్లలు వాళ్లను తమతో తీసుకుపోయి ఉంటారు. గదిలోని పుస్తకాలన్నీ పాత పేపర్లు కొనే అతనికి కిలోల లెక్కన వెళ్తాయి. అతని దగ్గర నుంచి చిత్తు కాగితాల గోదాముకు, అక్కడ అమ్ముడుపోతాయనుకున్నవి ఏరగా ఆబిడ్స్‌కూ కోఠీకీ చేరతాయి, మిగిలినవి కాగితం మిల్లుకు పోతాయి. తూకం వేసే చేతులు పుస్తకాన్ని తెరిచి చూడవు, ఏరే చేతులకు అట్ట చూసేంత తీరిక మాత్రమే ఉంటుంది. అందుకే ఒకే ఇంటి పుస్తకాలు, కొడుకు ఎంసెట్ గైడూ తాత నిఘంటువూ కలిసి, ఒకే గుట్టలో పడతాయి. అందుకే లోపలి కాగితాలు ఇన్ని చేతులు మారినా అలాగే ఉండిపోతాయి.

ఇక దొరికినవాటి సంగతి చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువగా దొరికేవి ఆకులూ రేకులూ. మొగలిరేకు తెలుగు ఇళ్లలో పుస్తకాలకు పాత నేస్తం. వాసన కోసం చీరల మడతల్లో పెట్టినట్టే పుస్తకాల్లోనూ పెట్టేవారు. ఏళ్లు గడిచాక వాసన పోతుంది, రేకు పొడిపొడిగా రాలిపోతుంది, కానీ పేజీ మీద గోధుమరంగు జాడ, ముళ్ల అంచుతో సహా, అచ్చు వేసినట్టు ఉండిపోతుంది. పచ్చదనమంతా పోయి ఈనెల వల మాత్రమే మిగిలిన రావి ఆకులు నాకు నాలుగైదు దొరికాయి. ఒక ఏడవ తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలో నెమలీక, దాని పక్కనే చిన్న తాటాకు ముక్క ఉన్నాయి. నెమలీక పిల్లలు పెడుతుందని, దానికి మేత వేయాలని నమ్మని బాల్యం మన దగ్గర అరుదు కనుక ఆ తాటాకు ముక్క ఎందుకుందో నాకు ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది. ఆ పుస్తకం ఇరవై రూపాయల గుట్టలోది. పాఠాలు నాకు ఎందుకూ పనికిరావు, అయినా దాన్ని ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదు.

రెండవది కాగితపు చిల్లర: కండక్టరు రంధ్రం పొడిచిన ఆర్టీసీ టికెట్లు, సినిమా టికెట్ల సగం ముక్కలు, కిరాణా చీటీలు, పెళ్లి శుభలేఖలు. వీటిని పుస్తకంలో గుర్తు కోసం పెట్టుకుంటారు కనుక అవి ఉన్న చోటే చదువు ఆగిందని అనుకోవచ్చు. నేను కొన్న పాత నవలల్లో సగానికి పైగా పుస్తకాల్లో ఈ టికెట్లు మొదటి నలభై పేజీల లోపే ఉండటం మన చదువు అలవాట్ల గురించి ఏమి చెబుతుందో పాఠకులే ఆలోచించుకోవాలి. బ్యాంకు పరీక్షల గైడులో ఒకసారి ఐదు వందల నోటు దొరికినప్పుడు ఒక్క క్షణం సంతోషించాను. అది 2016 నవంబరులో రద్దయిన నోటు. అలాంటి నోట్లు పదికి మించి దగ్గర ఉంచుకోవడం నేరమని 2017లో చట్టం వచ్చింది. నా దగ్గర ఉన్నది ఒక్కటే కనుక ఆ గైడు పేజీల మధ్యనే దాన్ని నిర్భయంగా ఉండనిచ్చాను. నిధులకు సంబంధించి 1878 నాటి చట్టం కూడా మన దేశంలో ఒకటుంది. భూమిలో పాతిపెట్టిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని అది చెబుతుంది. పుస్తకాల మడతల్లో దొరికేవాటి ఊసు అందులో లేదు.

ఈ బజారులో నాకు అత్యంత విలువైనదిగా తోచిన తెలుగు సరుకు మరొకటి ఉంది, దాన్ని చాలామంది చిత్తు కాగితంగా పక్కన పడేస్తారు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను వారం వారం చించి, పేజీలు సరిచేసి, పైన లావుపాటి అట్ట పెట్టి దారంతో కుట్టుకునే అలవాటు ఒకప్పుడు మన ఇళ్లలో విస్తారంగా ఉండేది. నవల పుస్తకంగా వచ్చేదాకా ఆగే ఓపిక లేకనో, కొనే స్తోమత లేకనో, ఇరుగు పొరుగుకు ఎరువు ఇవ్వడానికి వీలుగానో గృహిణులు ఈ పని చేసేవారు. అలాంటి కుట్లు నా దగ్గర పదకొండు ఉన్నాయి. సీరియల్ బాగుందా లేదా అన్నది పక్కన పెడదాం. కొన్ని నిజంగా భరించరానివి. నేను చదివేది ఆ పేజీల వెనక వైపు. సీరియల్ చివరి పేజీకి వెనక ఏముంటే అది కూడా విధిలేక కుట్టులోకి వచ్చేస్తుంది: వంటింటి చిట్కాల్లో సగం, జ్యోతిషంలో మూడు రాశులు, ప్రశ్న కనబడకుండా జవాబు మాత్రమే మిగిలిన పాఠకుల శీర్షిక, తలనూనె ప్రకటన, పెన్నుతో నింపి మూడు గళ్లు ఖాళీ వదిలేసిన పదబంధ ప్రహేళిక. సంపాదకులు దాచాలనుకున్నవి గ్రంథాలయాల్లో దొరుకుతాయి. ఎవరూ దాచాలనుకోని ఆనాటి దినచర్య మాత్రం ఈ కుట్ల వెనక వైపున భద్రంగా ఉంది. ఒక కుట్టులో పదిహేడో వారం లేదు. దాని స్థానంలో ఒక నోటు పుస్తకం కాగితం కుట్టి, ఆ వారం కథను పది వాక్యాల్లో ఎవరో చేత్తో రాసి పెట్టారు. పత్రిక దొరకలేదు కాబోలు, ఎవరినో అడిగి తెలుసుకుని రాసినట్టుంది. అసలు రచయిత రాసిన పదిహేడో వారం ఇంత క్లుప్తంగా, ఇంత స్పష్టంగా ఉండి ఉండదని నా అనుమానం. దీనికి నేను ఇచ్చినది ముప్పై రూపాయలు.

చందమామ బైండ్ల గురించి అందరూ అడుగుతారు కనుక రెండు మాటలు చెబుతాను. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక పాత సంచికలకు ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, అమ్మేవారికి ఆ సంగతి బాగా తెలుసు. అవి గుట్టలోకి రావు, వరుసలోనే ఉంటాయి, ధర గట్టిగానే చెబుతారు. ఏడాది సంచికలను కలిపి కుట్టేటప్పుడు చాలామంది బైండర్లు ముఖచిత్రాలను తీసేసేవారు. కాబట్టి వడ్డాది పాపయ్య బొమ్మలున్న అట్టలు అలాగే ఉన్న బైండు కనబడితే ధర ఎక్కువైనా తీసుకోవచ్చని నా అభిప్రాయం. నేను గుట్టలో కాకుండా వరుసలో కొన్న ఏకైక పుస్తకం అదే. దానిలో నాకు దొరికిన అదనపు వస్తువు, ప్రతి భేతాళ కథ చివర రాజు జవాబు చెప్పేలోగా ఒక పిల్లవాడు పెన్సిలుతో రాసుకున్న తన సొంత జవాబు. పన్నెండింటిలో నాలుగు సార్లు అతని జవాబు రాజు జవాబుతో కలిసింది. మిగతా ఎనిమిదింటిలో కనీసం రెండు చోట్ల నేను పిల్లవాడి పక్షమే.

మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఒకప్పుడు గుట్టల్లో విరివిగా ఉండేవి, ఇప్పుడు అపురూపమయ్యాయి. ప్రగతి ప్రచురణాలయం, 1982 తరువాత రాదుగ ప్రచురించిన ఆ పుస్తకాలు మన దగ్గర విశాలాంధ్ర దుకాణాల్లో అతి చౌకగా దొరికేవి. 1991లో సోవియట్ యూనియన్‌తోపాటు ఆ సరఫరా కూడా ముగిసింది. అదే కాలంలో మన దగ్గర వచ్చిన పాకెట్ నవలల జిగురు ఎండిపోయి పేజీలు పేకముక్కల్లా ఊడివస్తుంటే, దారంతో కుట్టిన ఆ పుస్తకాలు చాలావరకు ఇప్పటికీ పూర్తిగా తెరిచినా చెక్కుచెదరవు. నాకు దొరికిన ఒక పిల్లల కథల పుస్తకం లోపలి అట్ట మీద, వక్తృత్వ పోటీలో ద్వితీయ బహుమతి అని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ముద్ర, ప్రధానోపాధ్యాయుల ఎర్ర సిరా సంతకం ఉన్నాయి. ద్వితీయ అన్న మాటను తరువాత ఎవరో నల్ల సిరాతో ప్రథమ అని దిద్దారు. ప్రధానోపాధ్యాయులు నల్ల సిరా వాడి ఉండరని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఉర్దూ గుట్టల దగ్గర తెలుగువారు సాధారణంగా ఆగరు. ఆ అలవాటు మంచిది కాదని నాకు ఒక పుస్తకం నేర్పింది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఆధునిక శాస్త్రాలను బోధించడానికి, అంతకు ముందు సంవత్సరమే ఏర్పాటైన అనువాద సంస్థ చేత పాఠ్యపుస్తకాలను తయారు చేయించింది. అలాంటిదొకటి, అట్ట ఊడి, లోపలి పటాల వల్ల నా కంట పడింది. లిపి నాకు రాదు. భౌతికశాస్త్రమని దుకాణదారే చదివి చెప్పి, “మీరేం చేసుకుంటరు సార్ దీంతోని” అని కూడా అడిగాడు. ఇంటికి వచ్చి చూస్తే చివరి ఖాళీ పేజీ మీద తెలుగులో, తెలుగు అంకెలతో, ఒక లెక్క ఉంది: ముప్పై ఐదు హాలీ, ముప్పై కల్దార్, కింద బెజవాడ అన్న ఒక్క మాట. నిజాం రాజ్యంలో చలామణీ అయిన హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ ఇండియా ఆరు రూపాయలకు సమానంగా ఉండేవి, ఆ బ్రిటిష్ రూపాయినే ఇక్కడి జనం కల్దార్ అనేవారు. ఉర్దూలో భౌతికశాస్త్రం చదువుకుంటూ, తెలుగులో లెక్క వేసుకుంటూ, బెజవాడ వెళ్లడానికి డబ్బు మార్చుకోబోతున్న ఒక విద్యార్థి ఆ పేజీ మీద కనబడ్డాడు. హైదరాబాదు రాజ్యంలో రెండు భాషల మధ్య, రెండు నాణేల మధ్య బతకడం గురించి నేను చదివిన పెద్ద పుస్తకాలకంటే ఆ మూడు పంక్తుల లెక్క నాకు ఎక్కువ అర్థమయ్యేలా చెప్పింది.

అన్నీ ఇంత హాయిగా ఉండవు. ఉత్తరాలు దొరికినప్పుడు ఏమి చేయాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఒక నవలలో నీలం రంగు ఇన్‌లాండ్ లెటరు దొరికింది. చిరునామా మీద తడి తగిలి సిరా అలుక్కుపోయింది. ఇతరుల ఉత్తరం చదవకూడదని తెలిసీ చదివాను. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టి, పొలం సంగతి, మేనమామ జ్వరం సంగతి చెప్పి, పండగకు వచ్చేటప్పుడు కిరసనాయిలు స్టవ్వుకు వత్తులు తప్పకుండా తీసుకురమ్మని ఒక తల్లి కొడుకుకు రాసింది. మడత పెట్టే అంచు మీద కూడా ఖాళీ వదలకుండా, వత్తుల సంగతి మరిచిపోవద్దని రెండోసారి అడ్డంగా రాసింది. దాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి అభ్యంతరం ఉండదనుకుంటున్నాను. ఇంకా అంతరంగికమైనవి కొన్ని దొరికాయి, వాటి గురించి రాయను. పేరు, ఊరు స్పష్టంగా ఉన్నవాటిని తిరిగి పంపే ప్రయత్నం చేయాలని ఒక నియమం పెట్టుకున్నాను.

ఆ నియమం ఒకసారి మాత్రమే ఫలించింది. పాలిటెక్నిక్ గైడులో ఒక విద్యార్థి పదో తరగతి అసలు మార్కుల మెమో దొరికింది. అది పోతే మళ్లీ తెచ్చుకోవడం ఎంత ప్రయాసో తెలిసినవాణ్ని కనుక, మెమో మీద ఉన్న పాఠశాల ప్రధానోపాధ్యాయులకు ఉత్తరం రాశాను. మూడు వారాల తరువాత ఆ యువకుడే ఫోను చేశాడు. ఎంతో మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, మెమో డూప్లికేటు ఎప్పుడో తీసుకున్నానని, తమ్ముడు ఈ ఏడాదే పాలిటెక్నిక్‌లో చేరాడని, గైడు ఇంకా నా దగ్గర ఉంటే ఇస్తారా అని అడిగాడు. మెమో, గైడు రెండూ కలిపి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. తపాలా ఖర్చు గైడు ధరకంటే ఎక్కువైంది.

గ్రంథాలయ ముద్రలున్న పుస్తకాల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. అవసరం తీరిందని గ్రంథాలయమే తొలగించిన పుస్తకం మీద రద్దు ముద్ర ఉంటుంది, అలాంటిది కొనవచ్చు. అది లేకుండా నంబరు మాత్రమే ఉన్న పాత పుస్తకం, ఎవరో తీసుకుపోయి తిరిగి ఇవ్వనిది కావచ్చు. పక్కనే సుల్తాన్‌బజారులో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి ఆసఫియా గ్రంథాలయం ఉన్న నగరంలో, గుట్టలో దొరికిన పాత తెలుగు గ్రంథం అపురూపమైనదని అనుమానం వస్తే అక్కడ ఆ పుస్తకం ఉందో లేదో కనుక్కోవడం పెద్ద శ్రమ కాదు. అద్దె పుస్తకాల షాపుల ముద్రలు మరో సంగతి. ఆ షాపులు చాలావరకు మూతపడ్డాయి, పుస్తకాలు అనాథలయ్యాయి. రోజుకు ఇంత అద్దె, పేజీ చింపితే ఇంత జరిమానా అని వెనక అట్ట మీద అంటించిన నిబంధనల చీటీ ఉంటే దాన్ని పీకవద్దని కొనేవారికి మనవి.

ఇంటికి తెచ్చాక ఏమి చేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే నిధులతోపాటు పురుగులూ వస్తాయి. వెన్ను దగ్గర సన్నని బెజ్జాలు, పొడి రాలడం, వెండి రంగులో జారిపోయే పురుగులు కనబడితే ఆ పుస్తకాన్ని మిగతావాటితో కలపకూడదు. గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక సంచి విప్పకుండా ఒక రోజు బయట ఉంచితే పురుగులు చస్తాయి, తేమ పుస్తకానికి పట్టదు. మా ఇంట్లో ఈ పద్ధతికి వంటగది తరఫున తీవ్రమైన అభ్యంతరం ఉంది. ఎర్రటి ఎండలో పరచడం మాత్రం వద్దు. చవక కాగితంలోని కర్ర పదార్థం వెలుతురు తగిలేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. పాత పుస్తకం తెరవగానే వచ్చే ఆ తియ్యని వాసన కూడా అదే పదార్థం క్షీణించడం వల్ల వచ్చేదని తెలిశాక, ఆ వాసన పీలుస్తున్నప్పుడు కొంచెం అపరాధభావం కలుగుతుంది. అన్నిటికంటే ముందు, పుస్తకాన్ని దులపకండి. దులిపితే దుమ్ముతోపాటు లోపలివీ రాలిపోతాయి, ఏది ఏ పేజీలో ఉన్నదో తెలియకుండా పోతుంది. టేబులు మీద పెట్టి, ఒక్కొక్క పేజీ తిప్పాలి.

సౌకర్యాల విషయంలో ఈ బజారుకు మంచి మార్కులు వేయలేను. నీడ లేదు, కూర్చునే చోటు లేదు, గుట్ట ముందు గొంతుక్కూర్చుని వెదకాలి, మోకాళ్ల నొప్పులున్నవారికి ఇది పెద్ద శిక్ష. వానాకాలంలో చినుకు పడగానే ప్లాస్టిక్ పట్టాలు కప్పేస్తారు, గంట సేపు ఏమీ కనబడదు. నాంపల్లి మెట్రో స్టేషనులో దిగి నడిచి రావడం ఉత్తమం. కారు తెస్తే పెట్టడానికే సగం పూట పోతుంది. ఇప్పుడు దాదాపు అందరి దగ్గరా ఫోనుతో స్కాన్ చేసి చెల్లించే ఏర్పాటు ఉంది, అయినా ఇరవై రూపాయల గుట్ట దగ్గర చిల్లర ఉంటే మర్యాదగా ఉంటుంది. అమ్మేవారు నేను చూసినంతలో చాలావరకు నిజాయితీపరులు. ఒకసారి ఒక దుకాణంలో పూర్తి సంపుటమని చెప్పి ఇచ్చిన దానిలో చివరి అరవై పేజీలు లేకపోగా, తరువాతి ఆదివారం తీసుకువెళ్తే మాట్లాడకుండా డబ్బు తిరిగి ఇచ్చాడు. మరొక చోట మాత్రం ఇలాంటిదానికే పేజీలు నేనే చింపానని నా మీదే ఎదురు తిరిగారు. ఢిల్లీలో దరియాగంజ్ కాలిబాట మీది ఆదివారం పుస్తకాల బజారును 2019లో అక్కడి నుంచి తొలగించి ఒక ప్రహరీ లోపలికి మార్చారు. ఆబిడ్స్‌లో నడిచేవారికి ఇబ్బంది ఉన్న మాట నిజమే అయినా, వారానికి ఒక్క రోజు, అదీ దుకాణాలు మూసిన రోజు, దాన్ని భరించవచ్చని నా అభిప్రాయం. మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి మోకాళ్ల తరఫున.

చివరగా నా దగ్గర ఉన్నవాటిలో నేను అన్నిటికంటే మిన్నగా చూసుకునే పుస్తకం సంగతి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో తొలిసారి వెలువడింది. నాకు దొరికినది చాలా తరువాతి ముద్రణ, ముందు పేజీలు లేవు, వెన్ను బట్ట చిరిగి లోపలి దారాలు కనబడుతున్నాయి. గోడ పక్కన వాచకాల గుట్టలో యాభై రూపాయలకు తీసుకున్నాను. ఆ రాత్రి తెరిచి చూస్తే పేజీ తరువాత పేజీ, ముద్రించిన మాటల పక్కన ఖాళీలో, సన్నని పెన్సిలు రాత ఉంది. గోగు పక్కన పుంటికూర. రాగులు పక్కన తైదలు. గది అన్న అర్థం వచ్చిన చోట అర్ర. గాదె పక్కన గుమ్మి, దాని కింద ఎంత ఎత్తు ఉంటుందో, దేనితో అల్లుతారో రెండు పంక్తుల వివరణ. కొన్నిటి పక్కన మా అమ్మ మాట అని, కొన్నిటి పక్కన వడ్ల వాళ్ల మాట, సాలె వాళ్ల మాట అని గుర్తులు. ఎవరో తెలంగాణ పల్లెవాసి, బహుశా బడిపంతులు, ముద్రించిన నిఘంటువు అంచుల్లో తన ఊరి నిఘంటువును కూర్చుకుంటూ పోయారు. పేరు ఎక్కడా కనబడలేదు. పేరు ఉన్నది ఆ పోయిన ముందు పేజీల్లోనేమో. రాత అ నుంచి మొదలై యాసంగి దాకా వచ్చింది. అక్కడి నుంచి చివరి దాకా అంచులు తెల్లగా ఉన్నాయి.

తరువాతి ఆదివారం ఎనిమిదిన్నరకే వెళ్లి, సంచులు విప్పుతున్న ఆ దుకాణదారుకు నిఘంటువు చూపించి, ఇది వచ్చిన ఇంటి నుంచి ఇంకా పుస్తకాలు, నోటు పుస్తకాలు, కాగితాలు ఏమైనా వచ్చాయా అని అడిగాను. ఆయన గుర్తుపట్టాడు. “రెండు బస్తాలొచ్చినయి సార్. ఒకటి గీడ పోసిన. ఇంకోదాంట్ల అన్ని చేతిరాత కాయితాలే ఉండె, ఎవరు కొంటరని మిల్లుకు తోలిన” అన్నాడు. ఎప్పుడు తోలారని అడిగితే, మొన్న గురువారం అన్నాడు.